చెయ్యని తప్పుకి మాఫీ

భిలాయి ఉక్కు ప్లాంటు తిండి తిన్న ఇళ్ళలో ఒక అలవాటు ఉంటుంది. పైవాడు కళ్ళెర్రజేస్తే ముందు చేతులు జోడించాలి, తప్పెవరిదన్నది తరవాత చూసుకోవాలి. మా ఇంట్లో ఆ అలవాటుకి ఒక కథ కూడా ఉంది. మా ఆయన కొత్తగా రోలింగ్ మిల్లులో చేరిన రోజుల్లో ఎవరో చేసిన పొరపాటుకి ఈయన మీద కాగితం రాశారట. యూనియన్లో తిరిగే మా వాళ్ళ పెద్దాయన ఒకాయన ఈయన్ని వెంటబెట్టుకుని ఆఫీసరు గదికి తీసుకెళ్ళి, "దండమెట్టి మాఫీ అడిగీ, బతికిపోతావు" అన్నాడట. ఈయన దండం పెట్టి, తప్పయిపోయిందని, "గల్తీ హో గయీ సాబ్" అన్నారు. ఆఫీసరు నాలుగు తిట్లు తిట్టి కాగితం చింపి బుట్టలో పడేశాడు. ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు నడిచిందో చెప్పలేను. పిల్లలకి అన్నం కలుపుతూ నేనే పక్కనుంచి తరవాతి మాట అందించేదాన్ని. కాగితం బుట్టలో పడే చోట అందరం నవ్వేవాళ్ళం.

ఇప్పుడా కథ ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. మా మరిదిని జైలు దాకా నడిపించింది ఆ కథే.

మా మరిది అంటే మా ఆయనకి ఆఖరి తమ్ముడు. మా అత్తగారు పోయేనాటికి బడికెళ్ళే పిల్లాడు. సిక్కోలు వైపు మా ఊళ్ళో చూసేవాళ్ళు లేక మాతోపాటే రైలెక్కి భిలాయి వచ్చేశాడు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. వాడికి వయసొచ్చేసరికి ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగాలు కలలోకి కూడా రావడం మానేశాయి. కొన్నాళ్ళు ఠేకేదార్ల కింద, అంటే కాంట్రాక్టర్ల కింద చేసి, తరవాత చిన్న లోడు బండి ఒకటి కొనుక్కున్నాడు. నందిని గనుల కాలనీ పక్కన ఇల్లు తీసుకుని పెళ్ళాంతో అక్కడే ఉంటాడు. ఇటుకలు, పెళ్ళిళ్ళ షామియానాలు, ఇల్లు మారేవాళ్ళ బీరువాలు, రైతుల కూరగాయలు, ఏది దొరికితే అది వేసుకుని తిప్పుతాడు. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చినవాడు, ఇప్పటికీ అన్నయ్య ఎదురుగా కుర్చీలో కూర్చోడు.

కబురు వచ్చిన పూట నేను వైశాలి నగర్లో మా అద్దె ఇంటి గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్నాను. ప్లాంటు క్వార్టరు ఖాళీ చేసినప్పటినుంచీ అక్కడే ఉంటున్నాం. ఫోను మా తోటికోడలిది.

"అక్కా, ఆయన్ని ఉతై అవతల పోలీసులు పట్టుకున్నారంట. బండిలో చోరీ సరుకు దొరికిందంట. నాకు కాళ్ళాడ్డం నేదక్కా."

"చోరీ సరుకేటే! ఆడు పక్కింటోల్ల కరేపాకు రెమ్మ అడక్కండా తెంపడు."

"నాకేటి తెలుసక్కా, బేగి రండి."

జరిగింది ఇది. ఒక ఠేకేదారు దగ్గర పద్దులు చూసే మున్షీ మా మరిదికి బండి కిరాయి మాట్లాడాడు. పశువుల దాణా బస్తాలు, ఉతై దాటాక ఒక ఊళ్ళో దింపాలి. అంతకుముందు కూడా అతనికి ఇటుకలు తోలాడు కనుక వీడికి అనుమానం రాలేదు. బస్తాలు మున్షీ మనుషులే ఎక్కించారు. మున్షీ మోటారు సైకిల్ మీద దారి చూపిస్తూ ముందు పోతున్నాడు. రోడ్డు మీద పోలీసులు బండి ఆపి బస్తాలు విప్పితే పైన దాణా ఉంది, కింద రాగి తీగ చుట్టలున్నాయి. ముందు పోతున్న మోటారు సైకిల్ ఆగలేదు. వెనక్కి కూడా చూడలేదు.

ఉతై దాటితే అన్నీ పొలాలే. ఆ పొలాల మధ్య ఒక చిన్న పోలీసు చౌకీ. అక్కడ మనిషిని పట్టుకుంటే చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళు వెతికినా వకీలు అన్నవాడు దొరకడు. కోర్టు, వకీళ్ళు, జైలు, ఏదైనా దుర్గ్‌లోనే. ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆ పూట మాకు తోచిన సాయం ఒక్కటే. మా ఆయన చెప్పులేసుకుని నేరుగా ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళారు. ఆఫీసరు గదిలో మాఫీ ఇప్పించిన పెద్దాయనే. ఇప్పుడు ముసలివాడయ్యాడు. అయినా మా వాళ్ళలో మొగుడూ పెళ్ళాల తగువు దగ్గరనుంచి క్వార్టరు గొడవ దాకా ఏదొచ్చినా ఆయన గుమ్మమే ఎక్కుతారు. ఆయన్ని వెంటబెట్టుకుని ముగ్గురం ఆటోలో చౌకీకి వెళ్ళాం.

చౌకీలో మా మరిది గోడ వారన నేల మీద గొంతుక్కూచున్నాడు. చొక్కా గుండీలు ఊడిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే లేవబోయాడు.

"వదినా, ఆ మున్షీ నంబరు నా ఫోన్లోనే ఉన్నాది. పొద్దున్న నుంచి ఆడు నాకెన్నిపాలు ఫోన్ సేసినాడో అందులో ఉంటాది. సూడండ్రా బాబూ అంటే ఎవులూ సూడ్డం నేదు."

నేను అక్కడున్న హవల్దారుతో నాకొచ్చిన హిందీలో అన్నాను. "భయ్యా, ఆ ఫోన్ ఒకసారి చూడండి. సరుకు ఎవరిదో దాన్లోనే ఉంది." అతను తల ఎత్తకుండా, "బైఠియే మాతాజీ, బైఠియే" అన్నాడు. కూర్చోమంటాడు గాని కూర్చోడానికి బల్ల లేదు.

ఈలోగా పెద్దాయన లోపలి గదిలోకి వెళ్ళి నవ్వుతూ బయటికి వచ్చాడు. ఆయన అలా నవ్వుతూ వస్తే పని అయిపోయినట్టని మా వాళ్ళందరికీ నమ్మకం.

"ఒరే, మాటాడినాను. మంచోడే. నోపలికెల్లి దండమెట్టి, గల్తీ అయిపోనాది, ఇంకోపాలి సెయ్యనని అను. ఇడిసి పెట్టేస్తాడు."

"నానేటి సేసినాను బాబాయ్, మాఫీ అడగడానికి?"

"సేసినావని ఎవులన్నారా? అనమన్నాను. పెద్దోడి కాడ తగ్గితే మన సొమ్మేటి పోద్ది?"

మా మరిది వాళ్ళన్న మొహంలోకి చూశాడు. మా ఆయన, "పెద్దలు సెప్తన్నారు కదరా, అనేయ్" అన్నారు.

వాడు లోపలికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. దండం పెట్టాడు. "గల్తీ హో గయీ సాబ్" అన్నాడు. అచ్చం వాళ్ళన్న కథలో పలికినట్టే పలికాడు. చిన్నప్పటినుంచీ విన్నవాడు కదా.

లోపలున్నాయన కాగితం చింపలేదు. ఇంకో కాగితం తీసి రాసుకున్నాడు. నేను ఆ గది నాలుగు మూలలూ వెతికాను. అక్కడ బుట్టే లేదు.

"బాబాయిగారూ, ఆయనేటి రాస్తన్నాడు?" అన్నాను.

"నువ్వుండమ్మా, మొగోల్లు మాటాడతన్నాం కదా."

మర్నాడు వాణ్ణి దుర్గ్ కోర్టులో నిలబెట్టారు. అక్కడినుంచి జైలుకి పంపారు. కోర్టులో వాడి పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడిన మనిషి లేడు. మేం గేటు దగ్గర నిలబడి పెద్దాయన ఫోను కోసం చూస్తున్నాం. ఆయన ఫోనులో, "ఏటో, కొత్తోడెవడో ఒచ్చినట్టున్నాడు, నాను కనుక్కుంటాను" అన్నాడు. ఇప్పటికీ కనుక్కుంటూనే ఉన్నాడు.

ఆ మర్నాడు వకీలు కోసం వేట. కోర్టు ఆవరణలో రేకుల షెడ్ల కింద బల్లలు వేసుకుని వకీళ్ళు కూర్చుంటారు, పక్కనే టైపు కొట్టేవాళ్ళు, స్టాంపు కాగితాలు అమ్మేవాళ్ళు. మొహంలో ఏడుపు కనపడగానే పిలిచేస్తారు. మమ్మల్ని ఒకాయన పిలిచాడు. నల్లకోటు భుజాన వేసుకుని పాన్ నములుతున్నాడు. మా ఆయన సంగతంతా చెప్తుంటే సగంలో ఆపాడు.

"పోలీసుల ముందు ఒప్పేసుకున్నాడు కదా? ఇంకేముంది? జడ్జి ముందు కూడా ఒప్పేసుకోమనండి. మొదటిసారి కనుక జుర్మానాతో పోతుంది. వాదిస్తే ఏళ్ళు పడుతుంది. ఒప్పుకుంటే ఇంటికి పోతాడు. ముందు నా ఫీజు ఇచ్చేయండి."

బస్తాలు ఎవరివని అడగలేదు. ఎవరు ఎక్కించారని అడగలేదు. మా మరిది పేరు కూడా అడగలేదు. మా ఆయన మాత్రం, సరైన మనిషి దొరికాడన్నట్టు, జేబులో చెయ్యి పెట్టారు. ఆయన చెప్పింది పెద్దాయన చెప్పినట్టే ఉంది కదా మరి.

పక్కన గట్టు మీద ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న అన్నం తింటోంది. మొగుడి కేసు పేషీకి, అంటే వాయిదాకి వచ్చిందట. చెయ్యి ఎంగిలిదైనా పట్టించుకోకుండా నా కొంగు పట్టి లాగింది.

"దాయీ, పైసా ఝన్ దే. ఓ ఖోలీ మా జా."

డబ్బివ్వకు, ఆ గదిలోకి వెళ్ళు అని. చూపించిన వైపు చూస్తే కోర్టు భవనం పక్కన ఒక గది, పైన పెద్ద బోర్డు. నేను హిందీ మాట్లాడగలను గాని అక్షరాలు కూడబలుక్కోవాలి. మా ఆయన అయితే రోజూ హిందీ పేపరు ముందునుంచి వెనక్కి చదివి మడత పెడతారు. ఆ బోర్డు కిందనుంచే మేం అటూ ఇటూ తిరిగాం.

"ఏటుందండీ దానిమీద?"

ఆయన చదివి, మెల్లిగా చెప్పారు. "ఉచిత న్యాయ సహాయం అనున్నాది."

"మరి నిన్న సదవలేదేటి?"

"అది మనకి కాదనుకున్నాను. గరీబోల్లకేమో అనుకున్నాను."

"మనం సాహుకార్లమేటి? ఆడు జైల్లో ఉన్నాడు. మీకు మర్యాద కావలిసొచ్చింది."

ఆయన అక్కడే నిలబడిపోయారు. ఊరికే వచ్చే వకీలు సర్కారీ వకీలై ఉంటాడని ఆయన భయం. పోలీసుల తరఫున వాదించేవాణ్ణి సర్కారీ వకీల్ అంటారు కదా, ఆ నోటితోనే మనకి కూడా వాదిస్తాడా అని. "ఫీజివ్వనోడి మాట ఎవడింటాడే" అని కూడా అన్నారు. నేను ఆయన కోసం ఆగలేదు.

లోపల బల్ల వెనక ఒక అమ్మాయి ఉంది, మా చిన్న కూతురి వయసు. నల్లకోటు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పండి ఆంటీ" అంది. ఈ గొడవ మొదలైనప్పటినుంచీ నన్ను కూర్చోబెట్టి చెప్పమన్నది ఆ అమ్మాయే. చెప్పాను. మధ్యలో ఆపి అడిగింది. బస్తాలు ఎక్కడ ఎక్కించారు? ఎవరు? కుట్లు వేసి ఉన్నాయా, మూతి కట్టి ఉన్నాయా? ఫోను ఎవరి దగ్గరుంది? చౌకీలో ఆ మున్షీ గురించి చెప్పారా? అన్నీ రాసుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు కోపంతో వచ్చినవి. ఇంత చిన్న ప్రశ్నలు. ఇవి ఎవరికీ ఎందుకు తోచలేదు?

తరవాత ఆ అమ్మాయి చెప్పిన మాటలు నాకిప్పటికీ వరసగా గుర్తున్నాయి. జైల్లో ఉన్న మనిషికి ఉన్నవాడా లేనివాడా అని చూడకుండా ఇక్కడ వకీలునిస్తారు. ఈ వకీలు మన వకీలే, సర్కారీ వకీలుకి ఎదురుగా నిలబడేది. మొదటి రోజు కోర్టుకి తెచ్చినప్పుడే "నాకు వకీలు కావాలి" అని జడ్జితో చెప్పే హక్కు మా మరిదికి ఉంది. పోలీసుల ముందు వాడన్న "గల్తీ హో గయీ" కోర్టులో చెల్లదు.

"కానీ ఆంటీ, ఒక రోజు వస్తుంది. జడ్జి గారు నేరం ఒప్పుకుంటావా అని అడుగుతారు. అక్కడ ఒప్పుకుంటే మాత్రం నేను కూడా ఏం చెయ్యలేను. దొంగ అని రాసేస్తారు. తరవాత ప్లాంటులో పనికి ఏ గేట్ పాస్ కోసం పోలీసులని అడిగినా అదే బయటికొస్తుంది. బండి కూడా చేతికి రాకపోవచ్చు."

"ఆడికి నాను సెప్తానమ్మా" అన్నాను. నేను చెప్తే సరిపోతుందనుకున్నాను.

ముందు వాణ్ణి బయటికి తేవాలి. ఆ అమ్మాయే మాకు వకీలై బెయిలుకి దరఖాస్తు పెట్టింది. కోర్టు జమానతుదారుణ్ణి తెమ్మంది. ఆస్తి కాగితం ఉన్న మనిషి పూచీ పడాలి. ఈ జిల్లాలో జమానతంటే అందరూ రైతుల పొలం పుస్తకం పట్టుకొస్తారు. మా దగ్గర ఏముంది? ఇన్నేళ్ళు ఇక్కడ బతికాం, ఇనుము కాచాం, పిల్లల్ని కన్నాం. ఉన్న కాస్త భూమి సిక్కోలు వైపు. ఇక్కడ ఉన్నది అద్దె ఇల్లు, పెన్షను.

పెద్దాయనకి మాత్రం సొంత మేడ ఉంది. మా ఆయనకి నోరు రాదు కనుక నేనే వెళ్ళి అడిగాను.

"బాబాయిగారూ, మీ ఇంటి కాగితం మీద ఒక్క సంతకం."

"అయ్యో అమ్మా, మొన్ననే కోడలి పేర రాసేసినాను."

"మొన్న వినాయకుడి పందిట్లో మైకు పట్టుకుని, నా ఇల్లు మనోల్లందరిదీ అన్నారు?"

"అది మాటవరసకన్నానమ్మా."

"మా మరిదికి నేర్పినది కూడా మాటవరసకేనా బాబాయిగారూ?"

వాళ్ళావిడ లోపలినుంచి టీ తెచ్చింది. నేను తాగకుండా లేచి వచ్చాను. మా వాళ్ళలో టీ కాదని లేచి రావడమంటే చెంప మీద కొట్టినట్టే. కొట్టినట్టే ఉండాలని లేచాను.

చివరికి పూచీ పడ్డది నందిని దగ్గర పల్లెలో ఒక రైతు. వాళ్ళ వంకాయలు, టమాటాలు మా మరిది బండిలోనే మండీకి వెళ్ళేవి. బేరం తెగేదాకా ఈ బండివాడు విసుక్కోకుండా కూర్చుంటాడని ఆయనకి వీడంటే ఇష్టం. పొలం పుస్తకం ప్లాస్టిక్ సంచీలో చుట్టుకుని, దాని పైన తువ్వాలు చుట్టుకుని కోర్టుకి వచ్చాడు. ఇంటి దగ్గర కొడుకులు వద్దన్నారట. నాతో ఒకటే అన్నాడు.

"ఏ మనఖే చోర్ నోహే."

ఈ మనిషి దొంగ కాదు. ఆ మాట మా కులం వాళ్ళెవరూ అనలేదు, మా యూనియన్ వాళ్ళెవరూ అనలేదు, సొంత అన్న కూడా అనలేదు. మా భాష రాని మనిషి అన్నాడు.

మా మరిది బయటికొచ్చాడు. చిక్కిపోయాడు. అన్నం పెడితే, చెయ్యి కడుక్కోవాలని కూడా మరిచిపోయి తిన్నాడు. బండి మాత్రం చౌకీ ముందు వానలో నానుతోంది. ఆ వకీలమ్మాయి ఇంకో దరఖాస్తు పెట్టి దాన్ని కూడా విడిపించింది. విడిపించే వేళకి బ్యాటరీ లేదు, స్టెప్నీ టైరు లేదు. ముందు కట్టిన నిమ్మకాయలు మాత్రం అలాగే ఉన్నాయి. దొంగసొత్తు కేసులో పట్టుకున్న బండి, పోలీసుల గుమ్మంలోనే దొంగల పాలయ్యింది. ఎవరి మీద కేసు పెట్టాలి?

తరవాత పేషీలు. పేషీ అన్న రోజు కిరాయి పోతుంది. నందిని నుంచి దుర్గ్ వెళ్ళి పడిగాపులు పడితే, సాయంత్రానికి ఇంకో తారీఖు ఇచ్చి పంపుతారు. మా మరిది మొహంలో విసుగు నేను చూస్తూనే ఉన్నాను. ఆ విసుగు మీదే పెద్దాయన మళ్ళీ చెయ్యి వేశాడు.

జడ్జి గారు అడిగే రోజు దగ్గరికి వచ్చింది. ముందు రోజు సాయంత్రం మరిది, తోటికోడలు మా ఇంటికి వచ్చారు. పెద్దాయన కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరు పిలిచారని నేను అడగలేదు, మా ఆయన నా వైపు చూడకపోవడంలోనే తెలిసింది.

"ఒప్పేసుకోరా" అన్నాడు పెద్దాయన. "జుర్మానా పడేసి ఒచ్చేద్దాం. ఎన్నాల్లు తిరుగుతావు?"

"ఒప్పుకుంటే దొంగ అని రాసేస్తారంట బాబాయిగారూ" అన్నాను.

"రాసుకోనీ. మన మొకాల మీద రాస్తారేటి?"

"మీ మొకం మీద కాదు. ఆడి కాగితం మీద. రేపు ఏ ఠేకేదారైనా గేట్ పాస్‌కి పంపితే ఆ కాగితమే ముందెల్తాది."

మా ఆయన గొంతు పెంచారు. "ఆ పిల్ల వకీలు నీకేటి మందెట్టిందే? ఫీజు లేని సదువు. పెద్దోల్లు అడిగితే తగ్గాల. నాను తగ్గినాను, రిటైర్మెంట్ దాకా ఒక్క మచ్చ లేకుండా బతికినాను."

"మీరు తగ్గినారు, ఆ ఆఫీసరికి మీతో రేపు పనుంది, అందుకు సింపినాడు. మీరు నేకపోతే ఆడి మిల్లు నడవదు. ఈ జడ్జికి మీ తమ్ముడితో ఏటి పనుంది? ఆయన సింపుతాడేటి, రాస్తాడు."

తోటికోడలు మెల్లిగా అంది. "అక్కా, ఒప్పేసుకుంటే అయిపోద్దేమో. ఇంటికాడ బియ్యం నిండుకున్నాయి."

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆ పిల్ల చేత ఆ మాట అనిపించిన వాళ్ళందరి మీదా వచ్చింది. మరిదిని అడిగాను. "నువ్వేటంటావు నాయినా?"

వాడు గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు, అలవాటు ప్రకారం. "అన్నయ్య ఎలగంటే అలగ వదినా" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ మళ్ళీ తోమాను. తోమినవే తోమాను.

కోర్టు గది చిన్నది. జనం గోడలకి అతుక్కుని నిలబడ్డారు. మా ఆయన, పెద్దాయన ముందు వరసలో, మా మరిది తల తిప్పితే కనపడే చోట నిలబడ్డారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వకీలమ్మాయి వాడి పక్కనుంది. పిలుపు వచ్చింది. జడ్జి గారు కాగితం చదివి, హిందీలో మామూలు గొంతుతోనే అడిగారు. నీ బండిలో దొంగసొత్తు ఉంది, అది దొంగదని తెలిసే తీసుకెళ్ళావని నీ మీద నేరం. ఒప్పుకుంటున్నావా?

మా మరిది చేతులు పైకి లేచాయి. జోడించాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, వాటంతట అవే లేచాయి. ముందు వరసలో మా ఆయన భుజాలు కిందికి దిగడం నాకు వెనకనుంచి కనపడింది.

"చేతులు కాదు. నోటితో చెప్పు" అన్నారు జడ్జి గారు.

గదిలో అరవడానికి వీల్లేదు. అరిస్తే బయటికి పంపుతారని అమ్మాయి ముందే చెప్పింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా మరిది వాళ్ళన్న వైపు చూశాడు. అన్న తల ఊపారు, అనేయ్ అన్నట్టు. వాడు అలా చూస్తూనే ఉన్నాడు. జడ్జి గారు పెన్ను కింద పెట్టారు.

అప్పుడు వాడు చేతులు విడదీశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తరవాత రెండు పక్కలా దించేశాడు. అన్న ఎదురుగా వాడు చేతులు దించి నిలబడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నహీ సాబ్. మైనే నహీ కియా."

ఒప్పుకోవడం లేదు, విచారణ కోరుతున్నాడు అని రాసుకున్నారు. ఇంకో తారీఖు ఇచ్చారు. పిలుపు ఇంకొకరికి వెళ్ళిపోయింది.

ఆ కేసు ఇంకా నడుస్తోంది. బండి ఆపిన వాళ్ళలో ఒకాయన బదిలీ అయ్యాడని సాక్ష్యానికి రాలేదు. వచ్చినాయన్ని మా వకీలమ్మాయి, ఆ ఫోను ఎందుకు చూడలేదని అడిగితే, గుర్తు లేదన్నాడు. మున్షీని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. మా తోటికోడలికి సంతలో కనపడ్డాడట, అదే మోటారు సైకిల్ మీద, బుట్టెడు మామిడిపళ్ళు కొనుక్కుని పోతూ. ఆ గది, ఆ బోర్డు ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయట. మా వీధిలో ఎవరింట్లో అడిగినా సినిమా హాలు ఎక్కడుందో చెప్తారు, మిఠాయి ఎక్కడ బాగుంటుందో చెప్తారు, ఆ గది సంగతి ఒక్కరికి తెలీదు. తెలిసిన పెద్దలుంటే చెప్పరు. చెప్తే వాళ్ళ గుమ్మం ఎవరు ఎక్కుతారు?

ఆ రోజు కోర్టునుంచి బయటికొచ్చాక పెద్దాయన మాతో ఆటో ఎక్కలేదు. ఏదో పనుందని అటే పోయాడు. మరిది ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక నేను, మా ఆయన. ఊళ్ళోకి వచ్చాక ఆయన, ముందు కూర్చున్నవాడికి వినపడకుండా అన్నారు.

"జడ్జి సాబ్ పెన్ను కిందెట్టినప్పుడు మొకం సూసినావా? కోపమొచ్చినట్టున్నాది."

"రానీండి" అన్నాను, ముందున్నవాడికి కూడా వినపడేలా. "కోపం ఆయనకొక్కడికే ఉండాలేటి?"